క్వార్ట్జ్ అరెనైట్ అంటే ఆర్సెనిక్ ఉన్న రాయా? అర్జెంటుగా చెప్పండి

కొండమల్లేపల్లి కీబోర్డు | ఉదయం 6:50

నమస్తే అందరికీ. నాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. మొన్న చందంపేట వైపు ఒక ఊరి నుంచి ఇద్దరు వచ్చారు. చేతిలో బోరు పాయింటు చూసిన రిపోర్టు, ఇంగ్లీషులో పేజీన్నర. గ్రామపంచాయతీ దగ్గర చదివి వినిపించాలి, తెలుగులో కొట్టి ఇవ్వమన్నారు. నాకు అనువాదం పెద్దగా రాదు, ఫోన్ పక్కన పెట్టుకొని లాగించేస్తాను. పెళ్లి పత్రికలు, దరఖాస్తులు అయితే ఇప్పటిదాకా ఎవరూ మాట అనలేదు.

ఆ రిపోర్టులో ఊరి వెనక గుట్ట రాయి పేరు "క్వార్ట్జ్ అరెనైట్" అని ఉంది. ఫోన్లో వెతికేటప్పుడు మధ్యలో ఒక "ఎస్" ఎక్కువ పడింది. అది ఆర్సెనైట్ అయి కూర్చుంది. నేను చూసుకోకుండా "ఆర్సెనిక్ కలిసిన పలుగురాయి" అని కొట్టి, ప్రింటు తీసి, 60 రూపాయలు తీసుకొని పంపించేశాను.

వాళ్లు దాన్ని ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రాత్రి నుంచి నా ఫోన్ ఆగలేదు. ఒకామె నిండు బిందెలు రెండు తెచ్చి వాకిట్లో కుమ్మరించిందట. మీకు తెలియంది కాదు, ఫ్లోరైడ్‌తో వంకర తిరిగిన కాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం మేము. నీళ్ల మాట వస్తేనే టెన్షన్. "అది పోయిందనుకుంటే ఇప్పుడు ఇదొకటా నాయనా" అని ఒక పెద్దాయన అన్నప్పుడు నాకు గొంతులో మాట రాలేదు.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. సవరించి పంపాలి. అరెనైట్ అంటే ఏమిటి, ఎక్కడి మాట, తెలుగులో ఏం రాయాలి?


దుబ్బ చెల్క | ఉదయం 7:02

ఒక్క ఎస్‌తో ఊరంతా నీళ్లు మాన్పించినవ్ గదన్నా. ఇంకో అక్షరం పడితే ఊరే ఖాళీ చేసేటోళ్లు.


పలుగురాయి | ఉదయం 7:15

బాబూ, మిగతావి తర్వాత. ముందు ఈ మాటలు ఆ గ్రూపులో పెట్టించండి: "అరెనైట్ అంటే ఇసుకరాయి. దానికీ ఆర్సెనిక్‌కీ ఏ సంబంధమూ లేదు. టైపింగులో పొరపాటు జరిగింది."

నేను భూగర్భ సర్వే ఉద్యోగంలో ముప్పై ఏళ్లు కొండలు తిరిగి రిటైరైనవాణ్ణి. క్వార్ట్జ్ అంటే మన పలుగు. క్వార్ట్జ్ అరెనైట్ అంటే దాదాపు అంతా పలుగు రేణువులే ఉన్న ఇసుకరాయి. రేణువుల్లో నూటికి 95 పాళ్లు, ఆపైన పలుగే ఉంటే ఆ పేరు పెడతారు.

ఒక్క హెచ్చరిక మాత్రం. నీళ్లు తాగొచ్చా లేదా అన్నది రాయి పేరు చూసి చెప్పేది కాదు. ఆర్సెనిక్ లేదన్నంత మాత్రాన నీళ్లు మంచివని నేను అన్నట్టు రాయకండి. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.


కొండమల్లేపల్లి కీబోర్డు | ఉదయం 7:31

పెట్టించాను సార్. సర్పంచ్‌గారి అబ్బాయి చదివి వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. ఫోన్లు కాస్త తగ్గాయి. ఇప్పుడు వచ్చేవి తిట్లు మాత్రమే.


నిఘంటువు పురుగు | ఉదయం 8:10

పాలమూరు నుంచి నేను. మాట పుట్టుక అడిగారు కాబట్టి నన్ను ఆపేవారు లేరు.

లాటిన్‌లో హరేనా అంటే ఇసుక. పోను పోను ముందున్న "హ" జారిపోయి అరేనా అయింది. స్పానిష్ వాళ్లు ఇవాళ్టికీ ఇసుకను అరేనా అనే అంటారు. రోమన్లు మనుషుల్నీ మృగాల్నీ కొట్లాడించే రంగస్థలంలో నెత్తురు పీల్చుకోవడానికి నేలమీద ఇసుక పోసేవారు. ఆ ఇసుక పేరే చివరికి ఆ స్థలానికి పట్టుకుంది. ఇప్పుడు స్టేడియాలకు అరీనా అని పేరు పెడుతున్నారే, అక్కడ గరిటెడు ఇసుక ఉండదు, పేరులో మాత్రం ఉంది. మనం దాన్నే బరి అంటాం. మనవాళ్లు చుట్టూ గీసిన గీతను చూసి పేరు పెట్టారు, వాళ్లు కాళ్ల కింద ఉన్నదాన్ని చూసి పెట్టారు.

ఆ అరేనాకి రాళ్లకూ ఖనిజాలకూ తగిలించే "ఐట్" అనే గ్రీకు తోక తగిలిస్తే అరెనైట్. పెట్టింది అమెరికా భూగర్భ శాస్త్రవేత్త అమేడియస్ గ్రాబౌ, 1904లో. అప్పుడే మూడు పేర్లు ఒక వరసలో పెట్టాడు. రాళ్ల ముక్కలు పెద్దవైతే రూడైట్, ఇసుకంతైతే అరెనైట్, బురదంత మెత్తనైతే లూటైట్. మూడూ లాటిన్ మాటల మీద కట్టినవే. గులక, ఇసుక, బురద. వాగులో ఆడుకున్న ప్రతి పిల్లవాడికీ తెలిసిన వరసే, ఆయన దానికి కోటు తొడిగాడు.

ఇక ఆర్సెనిక్ పుట్టుక పూర్తిగా వేరు. అది పారశీకంలో బంగారు రంగు అనే అర్థమున్న మాట నుంచి గ్రీకులోకి వెళ్లింది. పసుపుపచ్చగా మెరిసే హరిదళం ఉందే, దాని పేరు అది. కాబట్టి ఒకటి ఇసుక, ఒకటి బంగారు రంగు. ఒక్క అక్షరం తేడాలో పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి, చుట్టరికం లేదు.

కానీ ఒకటి చెప్పాలి. కీబోర్డు తమ్ముడు చేసిన పొరపాటు మన భాష ఎప్పుడో చేసి పెట్టింది. పాషాణం అంటే రాయి. పాషాణం అంటే విషం కూడా, అందులోనూ ఆర్సెనిక్ విషం. శంఖపాషాణం అని పాత వైద్యులు అనేది దాన్నే. రాయినీ ఆర్సెనిక్‌నీ ఒకే మాటలో పెట్టుకొని బతికినవాళ్లం, మనకు టైపింగు తప్పు ఒక లెక్కా?


దుబ్బ చెల్క | ఉదయం 8:18

మా అత్త నన్ను పాషాణం అంటది. ఇన్నాళ్లూ రాయి అంటుందనుకొని ఊరుకున్న.


సోషల్ సారు | ఉదయం 8:44

అందరికీ నమస్కారం. రెండు అభ్యంతరాలు.

ఒకటి, రాళ్ల పేర్లు గ్రీకువి కదా. ఇసుకరాయికి సామైట్ అనే పేరు నేను చదివాను, అది గ్రీకులో ఇసుక అనే మాట నుంచి వచ్చింది.

రెండు, అసలైనది. చందంపేట, అమ్రాబాద్ వైపు గుట్టల రాయిని పుస్తకాలన్నీ శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటాయి. ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ లోనైతే క్వార్ట్‌జైట్ అవుతుందనీ, సున్నపురాయి పాలరాయి అవుతుందనీ ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. క్వార్ట్‌జైట్ రూపాంతర శిల, ఇసుకరాయి అవక్షేప శిల. పరీక్షలో ఇది తప్పు రాస్తే మార్కు కట్. మరి అదే గుట్టను ఈ రిపోర్టు అరెనైట్ అంటుందేమిటి? రిపోర్టు రాసినవాళ్లే తప్పు రాశారని నా అనుమానం.


ఉలి దెబ్బ | ఉదయం 9:05

సారు చెప్పేది నాకు తెలియదు గానీ ఒక చిన్న అనుమానం. ఇసుకరాయి అని ఫోన్లో చదివితే మా అమ్మ "ఇసుర్రాయా? ఎవలి దగ్గరున్నది?" అన్నది. మా ఇళ్లల్లో ఇసుర్రాయి అంటే పిండి ఇసురుకునే తిరగలి. ఆ ఊళ్లో ముసలోళ్లకు ఇసుకరాయి అని చదివితే వాళ్లకు వినపడేది ఇసుర్రాయే. జాగ్రత్త అన్నా.

మా నాయన రోళ్లు, ఇసుర్రాళ్లు కొట్టేటోడు. మావన్నీ నల్లగొండ గుట్టల రాయి, అంటే గ్రానైటే. చందంపేట దిక్కు పోతే మాత్రం ఆ గుట్టల జోలికి పోయేటోడు కాదు. ఆ రాయి ఉలిని తింటది అనేటోడు. నేను చిన్నప్పుడు ఒకసారి కొట్టి చూసిన. సమ్మెట దెబ్బకు రవ్వలు లేస్తయి, పెచ్చు ఎగిరి ముంజేతికి తగిలింది, గీత ఇంకా ఉంది. గ్రానైటు ఉలి మాట వింటది. గుల్లగా గింజలు గింజలుగా రాలుతది. అది వినదు, అద్దం పగిలినట్టు పగులుతది.


పలుగురాయి | ఉదయం 9:52

ఉలి దెబ్బ తమ్ముడూ, సోషల్ సారుకు నేను చెప్పాల్సిన జవాబు సగం మీ నాయనగారే చెప్పేశారు. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు సామైట్ సంగతి. ఉంది సార్, గ్రీకులో సామోస్ అంటే ఇసుక, అరెనైట్ కంటే పాత పేరు. ఒకే అర్థానికి గ్రీకు జట్టు ఒకటి, లాటిన్ జట్టు ఒకటి తయారయ్యాయి. బ్రిటన్‌లో సామైట్‌ను ఎక్కువగా రూపాంతరం చెందిన ఇసుకరాళ్లకు వాడతారు. మామూలు ఇసుకరాయి దగ్గర లాటిన్‌దే పైచేయి అయింది. భూగర్భ శాస్త్రంలో ఇసుక అనేది ఒక కొలత. మిల్లీమీటరులో 16వ వంతు నుంచి 2 మిల్లీమీటర్ల దాకా ఉన్న రేణువు ఏదైనా ఇసుకే, అది పలుగైనా సరే, గవ్వ ముక్కైనా సరే. అందుకే ఒట్టి అరెనైట్ అనకుండా ముందు క్వార్ట్జ్ అని చేర్చారు. రేణువుల మధ్య బురద 15 పాళ్లు దాటితే మళ్లీ పేరు మారి వాకే అవుతుంది, అది జర్మన్ గనికూలీల మాట. చెంచా బురదకు పేరు మార్చే కులం మాది.

ఇక శ్రీశైలం క్వార్ట్‌జైట్. 1872లో విలియం కింగ్ అనే సర్వే అధికారి కడప, కర్నూలు శిలల మీద పెద్ద నివేదిక అచ్చువేయించాడు. అందులో కృష్ణా వర్గం అని ఒకటి విడగొట్టి శ్రీశైలం క్వార్ట్‌జైట్లను దాంట్లో పెట్టాడు. అప్పటికి అరెనైట్ అన్న మాట పుట్టడానికి ఇంకా 32 ఏళ్లుంది. ఆ రోజుల్లో చూడటానికి గట్టిగా, గాజులా మెరుస్తూ, అంతా పలుగే ఉన్న రాయి కనిపిస్తే క్వార్ట్‌జైట్ అనేవారు. అది నిప్పుల్లో కాలిందా, ఊరికే గట్టిపడిందా అన్నది ఆ పేరులో లేదు. పేరు రూపానికి పెట్టినది. మీరు పాఠంలో చెప్పేది పుట్టుకకు పెట్టినది.

రాయి గట్టిపడటానికి రెండు దారులున్నాయి. ఒకటి మీరు చెప్పినదే, వేడి, ఒత్తిడి. అప్పుడు పాత ఇసుక రేణువులు కరగకుండానే కొత్తగా పేర్చుకొని ఒకదానిలో ఒకటి పళ్లచక్రాల్లా ఇరుక్కుంటాయి. రెండోది నెమ్మదైనది. ఇసుక పొరల మధ్య నుంచి పాకే నీళ్లలో కొద్దికొద్దిగా సిలికా కరిగి ఉంటుంది. అది రేణువు చుట్టూ పేరుకుంటూ, పేరుకుంటూ, సందులన్నీ మూసేస్తుంది. పలుగుకు పలుగే సిమెంటు. దెబ్బ కొడితే చీలిక రేణువును తప్పించుకుని పోలేదు, రేణువులోంచే పోతుంది. మెత్తని ఇసుకరాయి అయితే రేణువుల చుట్టూ తిరిగి పగిలి, చేతికి ఇసుక అంటుకుంటుంది. ఉలి మొద్దుబారడానికీ, అద్దంలా పగలడానికీ కారణం అదే.

శ్రీశైలం రాయి ఎక్కువగా ఈ రెండో దారిలో గట్టిపడింది. రాతిని 0.03 మిల్లీమీటర్ల పల్చని బిళ్లగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఇప్పటి అంచు లోపల పాత గుండ్రని ఇసుక రేణువు అంచు మసక గీతలా కనిపిస్తుంది. ఏటిలో దొర్లి నునుపైన రేణువు అలాగే ఉంది, పైన కొత్త కోటు పడింది. ఇలాంటిదాన్ని విడిగా చెప్పడానికి మధ్యలో ఆర్థోక్వార్ట్‌జైట్ అన్నారు. ఆ పేరుతో గందరగోళం ఇంకా పెరిగింది గానీ తగ్గలేదు. అందుకని తర్వాతివాళ్లు క్వార్ట్‌జైట్ మాటను రూపాంతర శిలకు వదిలేసి, దీన్ని క్వార్ట్జ్ అరెనైట్ అంటున్నారు. పటాల్లో పాత పేరు మాత్రం పోలేదు. సికింద్రాబాద్‌లో సికిందర్ లేనట్టే అనుకోండి.

కాబట్టి సార్, మీ పాఠమూ తప్పు కాదు, రిపోర్టూ తప్పు కాదు.


సోషల్ సారు | ఉదయం 10:20

ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ ఒప్పుకుంటున్నాను. ఇరవై ఏళ్లలో ఒక్క పిల్లవాడు శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద "సార్, ఇది రూపాంతరమైతే ఈ పొరలెందుకు ఇంత చక్కగా ఉన్నాయి" అని అడిగాడు. బస్సు ఎక్కమన్నాను.


నల్లమల నీడ | ఉదయం 11:05

ఆ పిల్లవాడు అడిగింది సరైన ప్రశ్న సారూ. నేను అచ్చంపేటలో ఉంటాను. దేవరకొండ, డిండి వైపు నుంచి వస్తుంటే దారిపొడవునా గుండ్లు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. అదంతా గ్రానైట్. మన్ననూరు దాటి పైకెక్కితే గుండ్లు మాయం. గోడ కట్టినట్టు పొరలు పొరలుగా అంచులు, పైన బల్లపరుపు. కొత్తగా వచ్చిన వాళ్లకు నేను ఇక్కడే బండి ఆపిస్తాను.

ఒక బండ ఉంది, దాని మీద అలల గీతలు. చెరువు ఒడ్డున నీళ్లు తగ్గాక ఇసుక మీద మిగిలే గీతలు ఉంటాయి చూడండి, వేలెడంత ఎడంతో, అచ్చం అవే. అరచేయి పెడితే గట్టుకూ పల్లానికీ వేళ్లు సరిగ్గా కూర్చుంటాయి. మొదటిసారి నేను ఎవరో చెక్కారనుకున్నాను. పలుగురాయి సార్, అది ఎన్నాళ్లదై ఉంటుంది?

ఇంకొక మాట. ఇది చదివి ఎవరూ సంచి పట్టుకొని బయల్దేరకండి. అది పులుల అడవి. రాయి కాదు, ఆకు కూడా తేకూడదు.


పలుగురాయి | ఉదయం 11:30

వంద కోట్ల ఏళ్లకు పైమాటే అమ్మా. అప్పటికి నేలమీద గడ్డిపోచ కూడా లేదు. లోతులేని నీటి అడుగున ఇసుక మీద పడ్డ అలల గీత అది. కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మీరు బండి ఆపిస్తున్న చోట ఈ రెండింటి మధ్య కోట్ల ఏళ్లు పుటలు చించేసినట్టు లేవు. గ్రానైట్ ఎండకూ వానకూ అరిగి అరిగి ఇసుకైంది, ఆ ఇసుక మళ్లీ గ్రానైట్ మీదే పరుచుకుంది. అడుగు పొరలో గులకరాళ్లు కూడా కనిపిస్తాయి.


నిఘంటువు పురుగు | ఉదయం 11:41

ఇది వినండి. గ్రానైట్ అనే మాట ఇటాలియన్ గ్రనీతో నుంచి వచ్చింది. అంటే గింజలు గింజలుగా ఉన్నది. ఉలి దెబ్బ పొద్దున "గింజలు గింజలుగా రాలుతది" అని రాశాడు, ఇటాలియన్ తెలియకుండానే. మన గుట్టలో కింద గింజరాయి, పైన ఇసుకరాయి. ఇన్ని భాషలు తిరిగొచ్చి అంతే చెప్పాయి.


దుబ్బ చెల్క | ఉదయం 11:50

గ్రానైట్ అరిగితే ఇసుకైతదని నన్నడిగితే చెప్పకపోదునా. నా నాలుగెకరాలు అదే. వాన పడితే పొద్దటికల్లా తడి ఉండదు.

సార్, పెద్దగట్టు, లంబాపూర్‌ల యురేనియం అన్నరు గదా. అది ఈ రాయిలనే ఉంటదా?


పలుగురాయి | మధ్యాహ్నం 12:15

ఇప్పుడు చెప్పిన ఆ రెండు రాళ్ల అతుకు దగ్గర తమ్ముడూ. కింది గ్రానైట్, పై ఇసుకరాయి కలిసే చోట, కాస్త అటూ ఇటూ. చిత్రియాల్‌లో కూడా అంతే. పొద్దున "పరీక్ష చేయించాలి" అని నేను గట్టిగా అన్నది ఇందుకే. బోరు పైన అరెనైట్‌లో మొదలై కింద గ్రానైట్‌లోకి దిగుతుంది. నీళ్లు ఏ పొరలోవో రాయి పేరు చెప్పదు. ఫ్లోరైడ్ ఎటూ చూస్తారు, ఆ ప్రాంతంలో యురేనియం కూడా చూడమని ల్యాబులో అడగండి.


నిర్వాహకుడు | మధ్యాహ్నం 12:22

యురేనియం తవ్వకం మీద, 2019 అసెంబ్లీ తీర్మానం మీద ఇప్పటికే వేరే చర్చ నడుస్తోంది. అక్కడ కొట్లాడుకోండి. ఇక్కడ రాయి పేరు మాత్రమే.


కొండమల్లేపల్లి కీబోర్డు | మధ్యాహ్నం 3:40

సార్, కథ మలుపు తిరిగింది. "ఇసుకరాయి" అని సరిచేసి పంపాను కదా. ఇప్పుడు ఊళ్లో సంబరం! వాగులో ఇసుక తవ్వితే నీళ్లూరుతాయి కదా, మరి మా గుట్ట ఇసుకరాయి అయితే నీళ్లు బాగా ఉన్నట్టే కదా, గుట్ట మీద ఎక్కడ వేసినా పడుతుంది అంటున్నారు. ఒకతను బోరు బండికి అడ్వాన్స్ ఇస్తానంటున్నాడు. ఇదే గుట్ట దగ్గర ఇదివరకు నాలుగు బోర్లు ఫెయిలయ్యాయట. అందుకే కదా రిపోర్టు రాయించుకున్నది!

పొద్దున భయపెట్టాను, సాయంత్రానికి ఆశపెట్టాను. రెండూ రాయి పేరుతోనే.


పలుగురాయి | మధ్యాహ్నం 3:58

అడ్వాన్స్ ఆపించండి!

తప్పు నాది. మాట అర్థం చెప్పాను, ఆ మాట వినగానే రైతు మనసులో ఏం మెదులుతుందో ఆలోచించలేదు. వాగు ఇసుకలో నీళ్లుండేది రేణువుల మధ్య సందుల్లో. గోదావరి లోయలో, కొత్తగూడెం, మణుగూరు బొగ్గుగనుల వైపు ఉన్న ఇసుకరాయిలో ఆ సందులు చాలావరకు అలాగే ఉన్నాయి, అక్కడ నీళ్లు బాగా పడతాయి. దాని వయసు 25, 30 కోట్ల ఏళ్లే. మన గుట్టలో సందులన్నీ సిలికాతో మూసుకుపోయాయి. పేరుకు ఇసుక, లోపల అద్దం. నీళ్లు ఉంటే పగుళ్లలో, నెర్రెల్లో, పొరకూ పొరకూ మధ్య ఉండాలి. పాయింటు చూసేది ఆ నెర్రెల కోసమే. ఎక్కడ పడితే అక్కడ వేస్తే ఐదో బోరు కూడా పొడి దుమ్మే.

దుమ్ము అంటే గుర్తొచ్చింది. ఆ డ్రిల్లింగ్ తెల్ల దుమ్ము ఒట్టి సిలికా. బండి దగ్గర నిలబడి పీల్చకండి, ఊపిరితిత్తులు పాడవుతాయి. ముక్కుకు తడిగుడ్డ సరిపోదు, మంచి మాస్కు కావాలి.


కొండమల్లేపల్లి కీబోర్డు | మధ్యాహ్నం 4:06

ఆపించాను. మరి ఏం రాయమంటారు? ఆర్సెనిక్ అంటే పారబోస్తున్నారు, ఇసుకరాయి అంటే తవ్వేస్తున్నారు.


నిఘంటువు పురుగు | మధ్యాహ్నం 4:20

సైకతశిల అని రాయండి. సికత అంటే ఇసుక, సైకతం అంటే ఇసుకతిన్నె. హిందీవాళ్ల బలువా పత్థర్ కూడా వాలుక నుంచి వచ్చినదే. గంభీరంగా ఉంటుంది, ఎవరూ గడ్డపార పట్టుకొని పరిగెత్తరు.


ఉలి దెబ్బ | మధ్యాహ్నం 4:24

ఎవరికీ అర్థం కాదు కాబట్టి పరిగెత్తరు. అంతేగా అన్నా?


నల్లమల నీడ | మధ్యాహ్నం 4:31

క్వార్ట్జ్‌కి పలుగు అని అందరికీ తెలిసిన మాట ఉంది కదా. చేలో పలుగురాళ్లు ఏరని ఆడమనిషి ఉందా మన జిల్లాల్లో? దాన్ని వదిలేస్తారెందుకు?


దుబ్బ చెల్క | మధ్యాహ్నం 4:35

పలుగిసుక రాయి.


నిఘంటువు పురుగు | మధ్యాహ్నం 4:37

పలుగు, ఇసుక. పలుగిసుక. ఉత్వసంధి. క్వార్ట్జ్ అరెనైట్‌కు మాటకు మాట. దుబ్బ చెల్కా, నువ్వు ఇన్నాళ్లూ జోకులేస్తూ మమ్మల్ని మోసం చేశావు.


దుబ్బ చెల్క | మధ్యాహ్నం 4:39

సంధి గింధి నాకు తెల్వదు. నోట్లకెళ్లి అట్లనే వచ్చింది.


పలుగురాయి | సాయంత్రం 5:10

మంచి మాట. దాని పక్కనే గట్టిదనం కూడా చెప్పాలి. నేనైతే ఇలా రాస్తాను: "ఊరి వెనక గుట్ట పలుగిసుక రాయి. ఇసుక రేణువులు సందు లేకుండా అతుక్కుపోయి అద్దంలా గట్టిపడిన రాయి ఇది. రాయి లోపల నీళ్లు నిలవవు. పగుళ్లు, నెర్రెలు ఉన్నచోట మాత్రమే నీళ్లు దొరికే అవకాశం ఉంది." కింద ఇంగ్లీషు పేరు ఉన్నదున్నట్టు తెలుగు అక్షరాల్లో పెట్టండి, రేపు ఇంకెవరైనా రిపోర్టు చూస్తే పోల్చుకోవాలి.


కొండమల్లేపల్లి కీబోర్డు | రాత్రి 8:45

వాళ్లిద్దరూ సాయంత్రం మళ్లీ షాపుకు వచ్చారు. కొట్టడానికి వచ్చారనుకున్నాను. ఒకాయన తువ్వాలలో చుట్టి ఇంట్లో సానరాయి తెచ్చాడు. వాళ్ల తాత కాలం నుంచి కొడవళ్లు నూరేది, ఆ గుట్టదేనట. "ఇది నువ్వన్న రాయేనా చూడు" అన్నాడు.

జానెడు పొడుగు, లేత గులాబీ రంగు. నూరి నూరి మధ్యలో దోనెలా పల్లమైంది, అక్కడ చెంప మీద రాసుకోవచ్చు, అంత నునుపు. ఒక మూల ఎప్పుడో పెచ్చు లేచి ఉంది. ఆ మూల మీద నీటిబొట్టు వేసి, ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూపించాను. గింజలు కనిపించాయి, ఆవగింజ కంటే చిన్నవి. పగిలిన చోట ఒక్క గింజ కూడా విడిగా లేచి లేదు, అన్నీ కోసినట్టు తెగి మెరుస్తున్నాయి. వేలితో రుద్దితే ఇసుక రాలలేదు. సార్ పొద్దున రాసింది నాకు అప్పుడు అర్థమైంది, వాళ్లకు నాకంటే ముందే అర్థమైంది. "ఇంకెక్కడి నీళ్లు దీంట్లో" అని ఆయనే అన్నాడు.

తర్వాత ముగ్గురం కూర్చొని రిపోర్టు మొత్తం మళ్లీ చదివాం. రాయి పేరు గొడవలో రెండో పేజీ ఎవరూ చూడనే లేదు! పాయింటు అక్కడ స్పష్టంగా ఉంది. రెండు నెర్రెలు కలిసే చోట, గుట్ట మీద కాదు, గుట్ట దిగిన తర్వాత పాత మోటబావికి పడమర. పలుగురాయి సార్ రాసిన నాలుగు వాక్యాలూ అక్షరం మార్చకుండా పెట్టాను. నీళ్లు పడితే ముందు ల్యాబుకు పంపాలన్నది చివర బోల్డు అక్షరాల్లో కొట్టాను. ప్రింటు ఇచ్చేముందు ముగ్గురం మూడుసార్లు చదివాం.


దుబ్బ చెల్క | రాత్రి 8:52

రెండోసారి ప్రింటుకు పైసలు తీసుకున్నవా?


కొండమల్లేపల్లి కీబోర్డు | రాత్రి 8:55

మొదటిసారివి కూడా తిరిగి ఇచ్చేశాను. బిందెలు కుమ్మరించిన ఆమె ఒకాయన భార్యేనట.